"అలోకంబగు పెంజీకటి": లోకం లేనిదా, వెలుగు లేనిదా?

కావలి మాస్టారు: క్లాసులో బ్లాక్ హోల్ గురించి చెబుతుంటే ఈవెంట్ హొరైజన్ (దాటితే వెలుగు కూడా వెనక్కి రాలేని హద్దు) దగ్గర పోతన భాగవతం గజేంద్రమోక్షంలోని "అలోకంబగు పెంజీకటి కవ్వల" నోటికొచ్చేసింది. "అలోకం అంటే అక్కడ ఏమీ ఉండదా సార్, ఏమీ కనబడదా?" అన్నాడు ఓ పిల్లవాడు. రెండు రోజులుగా అదే ధ్యాస. పైగా నాకు చిన్నప్పటి నుంచీ "ఆలోకం" అనే గుర్తు.

ఒంగోలు: దీర్ఘం కుదరదు మాస్టారూ. కందంలో ఆరో గణం "న తుది న", నలం, అంటే నాలుగు లఘువులు. "నా" అంటే గణం చెడుతుంది. ఆలోకమంటే చూపు, వెలుగు. అర్థమే తిరగబడుతుంది.

మూలాపేట, నెల్లూరు: హ్రస్వమే. సంస్కృత మూలంలో "తమస్తదాసీద్ గహనం గభీరం" (అప్పుడు దట్టమైన, లోతైన చీకటి ఉండేది) అనే ఉంది, అలోకం పోతన వేసిన మాట. లోకంబులు, లోకేశులు, లోకస్థులు అని ఒక్కొక్కటే తీసేశాక వచ్చింది కాబట్టి ఏ లోకమూ మిగలనిదనే.

ఒంగోలు: మరి లోకాలోక పర్వతం? భాగవతం పంచమ స్కంధంలో సూర్యకిరణాలు దాటని హద్దు అదే. అవతలిది అలోకం, వెలుగు పడనిది. హొరైజన్‌కి క్షితిజం కన్నా లోకాలోకమే మంచి మాట.

కందుకూరు: ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. కొండ పోలిక నప్పదండి. పెద్ద బ్లాక్ హోల్‌లో పడేవాడికి హొరైజన్ దగ్గర గోడా గుర్తూ ఉండవు, వెనక్కి రాలేడంతే. ఇక అక్కడ ఏమీ ఉండదా అంటే, లోపలికి పడిపోతూ ఉండే పదార్థం ఏదైనా ఉండొచ్చు. కదలకుండా నిలవాలంటే మాత్రం మామూలు గ్యాసు, ధూళి పనికిరావు. హొరైజన్ మీద శక్తి సాంద్రతనీ, వ్యాసార్థం దిశలో పీడనాన్నీ కలిపితే సున్నా రావాలి. అంటే పీడనం రుణాత్మకం. శూన్యానికుండే శక్తి అలాంటిది, ఆవేశమున్న బ్లాక్ హోల్ చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రమూ అంతే. శూన్యశక్తితో వ్యాకోచించే విశ్వపు హొరైజన్‌కీ ఇదే షరతు.

మూలాపేట: అలోకంలో నిలిచేది శూన్యమే అయితే నా అర్థానికే బలం.

కందుకూరు: పోతన చీకటికవతల ఒకడు వెలుగుతున్నాడమ్మా. హొరైజన్ అవతలి నుంచి మనకి ఏ వెలుగూ రాదు.

అద్దంకి: చీకటి తర్వాత వెలుగంటే మా ఎర్రనే. నన్నయ అరణ్యపర్వంలో శారదరాత్రుల దగ్గర ఆగిపోతే, ఈయన "స్ఫురదరుణాంశు" అంటూ సూర్యోదయంతో ఎత్తుకున్నాడు. చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

మూలాపేట: చీకటి కావాలంటే తిక్కన దగ్గరికి రండి. విరాటపర్వంలో నర్తనశాల రాత్రి మళ్లీ చదవండి.

కావలి మాస్టారు: ఇంకొకటి. "కవ్వల" విడిగా అచ్చేస్తే పిల్లలు అదో మాటనుకుంటున్నారు.

ఒంగోలు: పెంజీకటికి, అవ్వల. షష్ఠి "కి" ఏమ్యాదుల్లోది (ఏమి, మఱి లాంటి మాటల వరస), సంధి వైకల్పికం.

అద్దంకి: వైకల్పికం సరే, అవ్వల, ఆవల ఒకటేనంటారా?