గ్రోత్ హార్మోన్ చేప మన చెరువుల్లోకి వస్తే?

చెరువుగట్టు: కెనడా వాళ్ళు తయారు చేసిన ఆక్వాఅడ్వాంటేజ్ సాల్మన్ గురించి మా రైతుల గ్రూపులో ఒకటే గోల. మూడేళ్ళకు అమ్మకానికి రావలసిన చేప ఏడాదిన్నరకే వస్తుందట. రేపు మన శీలావతికీ ఇదే చేస్తారు. హార్మోన్ ఎక్కించిన చేప తింటే పిల్లలు ఏమైపోవాలి?

బయో మాస్టారు: ఎవరూ ఇంజక్షన్ చేసి ఎక్కించడం లేదండీ. అట్లాంటిక్ సాల్మన్‌లో చినూక్ సాల్మన్ గ్రోత్ హార్మోన్ జన్యువు పెట్టారు. దాన్ని నడిపే స్విచ్ మాత్రం ఓషన్ పౌట్ అనే చలినీటి చేపది. మామూలు సాల్మన్ చలికాలంలో ఎదుగుదల తగ్గించుకుంటుంది. దీనికి ఆ విరామం లేదు, ఏడాది పొడవునా హార్మోన్ ఊరుతూనే ఉంటుంది. కాలేయంలో ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల ప్రొటీన్ తయారై కండ పోగులు పెరుగుతాయి, లావవుతాయి. చేప హార్మోన్ మన కడుపులో అరిగిపోయే ప్రొటీనే. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే తినొచ్చంది.

ఊరకే వచ్చా: సిక్స్ ప్యాక్ చేప ఇదేనా?

బయో మాస్టారు: కాదు. కండ మరీ పెరగకుండా ఆపే మయోస్టాటిన్ అనే జన్యువు ఉంటుంది. జపాన్‌లో మడై అనే సముద్రపు చేపలో దాన్ని పనిచేయకుండా చేసి 2021లో మార్కెట్‌కి తెచ్చారు. అందులో బయటి జన్యువు లేదు. రెండూ కలిపి తిట్టకండి.

చెరువుగట్టు: అదంతా సరే మాస్టారూ. ఆ సాల్మన్లన్నీ ఆడవేనట, పైగా గొడ్డువట. మరి గుడ్లెక్కడివి? దీనికి ముందు జవాబు చెప్పండి.

బయో మాస్టారు: కొన్ని ఆడచేపల్ని మగవిగా మార్చి, వాటి వీర్యాన్ని మామూలు సాల్మన్ గుడ్లకు కలుపుతారు. తర్వాత ఆ గుడ్లను అధిక పీడనానికి గురిచేస్తే రెండు సెట్ల బదులు మూడు సెట్ల క్రోమోజోములతో గొడ్డు పిల్లలు వస్తాయి. నూటికి నూరూ కావు, ఆ మాట ఎఫ్‌డీఏయే చెప్పింది. అందుకే నేల మీద కట్టిన ట్యాంకుల్లోనే పెంచారు.

టొరంటో సుజాత: ఇక్కడ 2017లో నాలుగున్నర టన్నులు అమ్మారు. ప్యాకెట్ మీద ఒక్క ముక్క రాయలేదు. మా ఇంట్లో పులుసు పెట్టుకుని తిన్నామో లేదో కూడా తెలియదు. హాని లేకపోతే పేరు రాయడానికేం?

బయో మాస్టారు: హాని లేనిదానికి ముద్ర వేస్తే జనం విషమనుకుంటారమ్మా.

టొరంటో సుజాత: జనం ఏమనుకోవాలో మీరెలా నిర్ణయిస్తారండీ?

చెరువుగట్టు: నా ప్రశ్న గుడ్ల గురించి!

బయో మాస్టారు: చెప్పాను కదయ్యా! పైకెళ్ళి చదవండి. చదవకుండా అరిచేవాళ్ళతో విసిగిపోయాను.

చెరువుగట్టు: మీరు ఎప్పుడైనా చెరువులో దిగారా? నేను చెప్పేది వినండి. "త్వరగా ఎదుగుతుంది" అని ఒక హేచరీవాడు అంటగట్టిన పిల్ల వేశాను. మేత మాత్రం బాగానే తిన్నది. పట్టుబడి రోజు వల లాగితే ఒకటి అరచేయంత, ఇంకోటి మోచేయంత. మేత కొట్టువాడికి ఇంకా బాకీ ఉన్నాను. గొడ్డు చేపైతే ప్రతి పంటకూ వాడి గుమ్మంలోనే నిలబడాలి. ఆ హార్మోన్ మీరే తినండి, నాకేం భయం లేదు. పిల్ల ఎవడి చేతిలో ఉంటుందన్నదే నా గొడవ.

బయో మాస్టారు: ఇది మొదటే అడిగి ఉంటే సరిపోయేది. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా వాళ్ళ జయంతి రోహు (అదే మన శీలావతి) ఉంది కదా, జన్యువు పెట్టకుండా, మంచి చేపల్ని తరతరాలుగా ఏరి తరానికి సుమారు 17 శాతం ఎదుగుదల సాధించారు. అలాంటిది తీసుకోండి.

చెరువుగట్టు: మా వైపు దొరికితే తీసుకోనా? దొరికేలా ఎవరు చేస్తారు, మీ ఎఫ్‌డీఏనా?

ఊరకే వచ్చా: ఆ సాల్మన్ కంపెనీ 2024 డిసెంబరులో చేపల పెంపకమే ఆపేసింది బాబూ.

టొరంటో సుజాత: ఆపేస్తే? తర్వాతి చేపకైనా పేరు రాయమనే నేనంటున్నది.

బయో మాస్టారు: రాయమనండి. కానీ "హార్మోన్ ఎక్కించిన చేప" అని మాత్రం కాదు.