మెల్‌బోర్న్‌లో మన మహిళల ఆరోగ్య కార్యక్రమానికి వచ్చే శనివారం హాలు లేదు, అందరూ చూడండి

లలిత, గురువారం రాత్రి 9:40
హాలు పోయింది. ఇప్పుడే మెయిల్ వచ్చింది. మన ఫ్లయర్‌లో "అక్కడికక్కడే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష" అని చూశారట. బుకింగ్ ఫారంలోనేమో "సాంస్కృతిక కార్యక్రమం" అని ఉందట. శాంపిళ్ళు తీసే పనికి ఆ హాలు ఇవ్వరట, దానికి వేరే ఇన్సూరెన్స్ ఉండాలట. డిపాజిట్ వెనక్కి ఇస్తామన్నారు, అదొక్కటే మేలు. ముందు వేరే చోటు చెప్పండి. 9 రోజులే ఉంది.

రవి, 9:52
ఫారం నింపింది నేనే. ఉగాదికీ దీపావళికీ రాసేదే రాశాను. నాకు పంపిన ఫ్లయర్‌లో "మహిళల ఆరోగ్యంపై అవగాహన" అని మాత్రమే ఉంది. తర్వాత ఎవరు మార్చారు?

స్వాతి, 9:55
నేనే మార్చాను. అవగాహన అంటే ఎవరొస్తారు? గుండె జబ్బుల అవగాహనకి 11 మంది వచ్చారు, అందులో ఆరుగురం మనమే.

రవి, 9:56
మారిస్తే ఒక మాట చెప్పాలి కదండీ. ఇప్పుడు మాట పడుతున్నది నేను.

శ్రీనివాస్, శుక్రవారం ఉదయం 7:15
పొద్దున్నే గుడివాళ్ళకి ఫోన్ చేశాను. ఉపన్యాసం అయితే హాలు ఇస్తారట, ఆ పరీక్షలు మాత్రం గుడి ఆవరణలో వద్దన్నారు. నా మాట అడిగితే పరీక్షలు తీసేసి ఉపన్యాసం పెట్టుకుందాం. పిల్లలు తిరిగే చోట మైకులో ఆ మాటలు అవసరమా?

స్వాతి, 7:21
ఏ మాటలు అన్నయ్యా? గర్భసంచి అనా? పిల్లలు ఎక్కడినుంచి వచ్చారనుకుంటున్నారు?

శ్రీనివాస్, 7:22
ఇలా మాట్లాడితే నేను తప్పుకుంటాను. జ్యోతి ప్రజ్వలనకి వేరే వాళ్ళని చూసుకోండి.

లలిత, 7:40
ఇద్దరూ కాస్త ఆగండి. మాధవి గారూ, క్లినిక్ డ్యూటీ అయ్యాక ఒకసారి చూస్తారా.

మాధవి, శుక్రవారం సాయంత్రం 6:05
ఇప్పుడే ఇంటికొచ్చాను. నిజం చెప్పాలంటే హాలు పోవడమే మంచిదైంది. హాలు బాత్‌రూం ముందు 40 మంది వరసలో నిలబడి శాంపిల్ ఇస్తారని మనం ఎలా అనుకున్నామో! డాక్టరు రాయాలి, మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) నంబరు చూడాలి, ట్యూబు మీద పేరు అంటించాలి. ఇవన్నీ నేను ముందే చెప్పాల్సింది.

మనవాళ్ళ భయం మాత్రం వేరు. ఇంకా పాత పాప్ స్మియర్ (డాక్టరు ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) లెక్కలోనే ఉన్నారు. ఆస్ట్రేలియాలో 2017 డిసెంబరులోనే దాన్ని ఆపేసి హెచ్‌పీవీ పరీక్ష పెట్టారు, ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్ ఉందేమో చూసేది. 25 నుంచి 74 ఏళ్ళ వాళ్ళకి, ఏమీ లేకపోతే మళ్ళీ ఐదేళ్ళకే. 2022 జులై నుంచి శాంపిల్ ఎవరికి వారే తీసుకోవచ్చు. పొడుగాటి దూదిపుల్ల లాంటిది ఇస్తారు. తెర వెనక్కో బాత్‌రూంలోకో వెళ్ళి లోపల కాసేపు తిప్పి తీసేస్తే అయిపోయింది. బల్ల ఎక్కి పడుకోవడం, ఆ ఇనప సామాను, ఏదీ లేదు. వైరస్‌ని పట్టుకోవడంలో డాక్టరు తీసిన శాంపిల్‌కి ఇది తీసిపోదు. వైరస్ కనబడిందంటే క్యాన్సర్ ఉన్నట్టు కాదు, అది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ళ పైనే పడుతుంది. ఆ వైరస్‌లో 16, 18 రకాలు కనబడితే నేరుగా కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూడడానికి) పంపుతారు, వేరే రకాలైతే సాధారణంగా మళ్ళీ పిలిచి డాక్టరు ఇంకో శాంపిల్ తీస్తారు.

మా క్లినిక్ శనివారం ఒంటిగంటకి మూసేస్తారు. డాక్టర్ గారిని అడిగాను, 2 నుంచి 4 దాకా ఉంటామన్నారు, బల్క్ బిల్లింగే, అంటే మెడికేర్ ఉన్నవాళ్ళు చేతి నుంచి కట్టక్కర్లేదు. 15 మందిని చూడగలం. అంతకు మించి వద్దు.

స్వాతి, 6:11
40 మంది పేర్లిచ్చారు, మిగతా వాళ్ళు?

మాధవి, 6:14
వాళ్ళ డాక్టర్ దగ్గరే "నేనే తీసుకుంటాను" అని అడగమనండి. ఇంగ్లీషు ఇబ్బంది అయితే 131 450 కి (ప్రభుత్వ దుబాసీ సేవ) చేసి తెలుగు దుబాసీ కావాలంటే చాలు.

కిరణ్, 8:30
ఇక్కడే అడుగుతున్నాను, ఏమనుకోకండి. పాపకి ఇయర్ 7లో హెచ్‌పీవీ టీకా ఫారం వచ్చింది. మాది ఖమ్మం. 2009లో మా జిల్లా హాస్టల్ పిల్లలకి ఇదే టీకా వేశారు, సంతకాలు వార్డెన్లు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు, 2010లో ఆపేశారు. అమ్మ ఫోనులో ఒకటే ఏడుపు, వేయించొద్దంటుంది.

మాధవి, 8:48
అమ్మగారి భయం ఊరికే వచ్చింది కాదు కిరణ్ గారూ. ఆ చావులకి టీకా కారణం కాదనే విచారణలో తేల్చారు, కానీ సంతకాల దగ్గర తప్పు జరిగిందని కూడా చెప్పారు. ఇక్కడ ఫారం మీ చేతికే వచ్చింది, చదివి మీరే సంతకం పెట్టాలి. ఈ దేశంలో 2007 నుంచి ఆడపిల్లలకి, 2013 నుంచి మగపిల్లలకి కూడా బడిలో వేస్తున్నారు. 2023 నుంచి ఒక్క డోసే. కావాలంటే అమ్మగారితో నేను మాట్లాడతాను.

లలిత, శనివారం ఉదయం 10:02
ఒకరు నాకు విడిగా రాశారు, పేరు చెప్పను. అత్తగారు గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు. ముట్లుడిగి ఎనిమిదేళ్ళయింది, ఇప్పుడు మళ్ళీ మరకలు కనబడుతున్నాయట. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, కోడలు బట్టలు ఉతుకుతూ చూసింది. శనివారం తీసుకురావచ్చా అని అడుగుతోంది.

మాధవి, 10:06
శనివారం దాకా ఆగొద్దు! స్క్రీనింగ్ అంటే ఏ బాధా లేనివాళ్ళకి ముందుగా చేసే పరీక్ష. ముట్లు ఆగాక ఒక్క చుక్క కనబడినా, కలయిక తర్వాత రక్తం వచ్చినా, నెలసరికీ నెలసరికీ మధ్య వచ్చినా డాక్టరే చూడాలి. చాలాసార్లు పెద్దదేమీ ఉండదు, కానీ చూస్తేనే తెలుస్తుంది. సోమవారం ఉదయం తీసుకురమ్మనండి. మెడికేర్ ఉండదు కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం తెమ్మనండి.

రవి, 10:09
ఇన్సూరెన్స్ వాళ్ళు తర్వాత ఇస్తారో లేదో తెలీదు. హాలు డిపాజిట్ వస్తోంది కదా, డాక్టర్ ఫీజు అందులోంచి కట్టేద్దాం. లెక్క నేను రాస్తాను.

స్వాతి, 10:10
థాంక్స్ రవీ. ఫ్లయర్ సంగతి నేను చెప్పాల్సింది.

పద్మ, 11:30
రేపు బతుకమ్మ ప్రాక్టీసు ఎలాగూ మా టార్నీట్ గ్యారేజీలోనే. మాధవి ఒక అరగంట వస్తే చాలు, మైకూ వద్దు, ప్రొజెక్టరూ వద్దు. తెల్లబట్ట, దురద, ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో గడ్డలు), అందరూ నన్ను అడుగుతున్నారు, నాకేం తెలుసు! మగవాళ్ళు పిల్లల్ని తీసుకుని పార్కుకి పోవాలి. ఇంకోటి, మా అమ్మకి గర్భసంచి తీసేశారు, ఆవిడకి ఈ పరీక్ష కావాలా?

మాధవి, 11:41
గర్భసంచి ముఖద్వారంతో సహా తీశారా, ఎందుకు తీశారు అన్నదాన్ని బట్టి. డిశ్చార్జి కాగితం ఫొటో తెప్పించండి. మన రెండు రాష్ట్రాల్లో చిన్న వయసులోనే తీయించేసుకున్నవాళ్ళు చాలామంది, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మనమే ముందుంటాం. రేపు ఆ కాగితాలు అందరినీ తెమ్మనండి.

వంటల సరోజ, 11:50
మరి నేను 80 మందికని చింతపండు కొన్నాను.

పద్మ, 11:51
గ్యారేజీకి పట్టుకురా వదినా.

లలిత, సోమవారం రాత్రి 9:15
గ్యారేజీకి 34 మంది వచ్చారు, బతుకమ్మ ప్రాక్టీసు జరగనే లేదు. శనివారం 15కి 13 నిండాయి. గుంటూరు అమ్మగారిని డాక్టరు చూశారు, స్కాన్‌కి రాశారు.

శ్రీనివాస్, 9:40
నాది ఏడు సీట్ల బండి. ఒకటిన్నరకి వెరిబీ స్టేషన్ దగ్గర ఉంటాను. నేను లోపలికి రాను, బయటే ఉంటాను. మా ఇంటావిడని కలుపుకుని నలుగురు చెప్పారు, ఇంకా రెండు సీట్లున్నాయి.