ముందు పళ్ల సందు: అలైనర్లతో మూసుకుంటే మళ్లీ రాదా?

నా వయసు 29. పైవరుస ముందు పళ్ల మధ్య 2 మి.మీ. సందు ఉంది. మిగతా వరుస బాగానే ఉంది, చిగుళ్ల జబ్బు లేదు, పళ్లు కదలడం లేదు.

2022లో కాంపోజిట్ బాండింగ్ (పంటి రంగు పదార్థం అతికించి సందు మూయడం) చేయించుకున్నాను. ఏడాది బాగుంది. ఆ తర్వాత జామకాయ కొరికితే ఎడమ పంటి అంచు పెచ్చులా ఊడింది. మళ్లీ అతికించారు, అక్కడే మళ్లీ ఊడింది. మిగిలినదాని అంచు వెంట టీ మరక గోధుమరంగు గీతలా పట్టేసింది, పాలిష్ చేయించినా పోలేదు.

ఒక డాక్టర్ గారు వెనీర్లు (పళ్ల ముందువైపు అతికించే పలుచని పెంకులు) వేద్దామన్నారు. దానికి పంటి పైపొర ఎనామిల్ కొంత అరగదీయాలట. ఒకసారి పోయిన ఎనామిల్ తిరిగి రాదు, ఆరోగ్యంగా ఉన్న పళ్లను అరగదీయించుకోవడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇంకొకరు అలైనర్లు (పళ్లను మెల్లగా జరిపే పారదర్శక తొడుగులు) అన్నారు. కానీ పైపెదవిని చిగురుకు కలిపే ఫ్రీనమ్ నాకు మందంగా, సందు దాకా దిగి ఉంది. పెదవి పైకి లాగితే పళ్ల మధ్య చిగురు తెల్లబడుతుంది. సందు మూసుకున్నాక ఆ ఫ్రీనమ్‌ను కత్తిరించాలని, పళ్లు మళ్లీ జరగకుండా పట్టి ఉంచే రిటైనర్ తీగ పళ్ల వెనక ఎప్పటికీ ఉండాలని చెప్పారు. ఖర్చు కన్నా సందు మళ్లీ వస్తుందేమోననే నా టెన్షన్.

ఇలాంటి ఫ్రీనమ్ ఉండి అలైనర్లతో సందు మూయించుకున్నవారికి, రిటైనర్ తీగ ఉన్నా సందు మళ్లీ తెరుచుకుందా?