జనవరి 30 తర్వాత మళ్ళీ షట్‌డౌన్ వస్తే ఆర్మీ జీతం సంగతి ఏమిటి?

ప్రశ్న (కిల్లీన్, టెక్సాస్, 2025 డిసెంబర్ చివరి వారం)

అందరికీ నమస్కారం. మా ఆయన ఆర్మీలో స్పెషలిస్ట్ ర్యాంకు, ఫోర్ట్ హుడ్‌లో పని. పాపకి పద్నాలుగు నెలలు. నేనింకా ఉద్యోగంలో చేరలేదు కాబట్టి ఇల్లంతా ఆ ఒక్క జీతం మీదే నడుస్తోంది. మొన్న అక్టోబర్‌లో బడ్జెట్ పాస్ కాక ప్రభుత్వం షట్‌డౌన్ అయినప్పుడు 15వ తేదీ జీతం పడుతుందో లేదో 11వ తేదీ దాకా ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి పడింది, నెలాఖరుదీ పడింది. కానీ అన్నాళ్ళూ డైపర్ల ప్యాకెట్ కొనాలన్నా చేతిలో ఫోన్ పట్టుకుని బ్యాలెన్స్ చూసుకునేదాన్ని. ఇప్పుడు మళ్ళీ జనవరి 30 వరకే డబ్బు ఉందంటున్నారు. గుంటూరులో అత్తయ్యగారి మందులకి ప్రతి నెలా 300 డాలర్లు పంపాలి. అది ఆపడం మాకు కుదరదు. ముందుగా ఏం చేసి పెట్టుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పగలరా?

జవాబు (శాన్ ఆంటోనియో)

టెన్షన్ పడకమ్మా. 2013లో ఆర్మీ జీతం ఆగలేదు, 2018లో ఆగలేదు, మొన్న కూడా ఆగలేదు. సైనికుల జీతం ఆపే ధైర్యం ఏ పార్టీకీ లేదు.

జవాబు (పోర్ట్స్‌మత్, వర్జీనియా)

అన్నగారు చెప్పింది నిజమే, కానీ ఆగకపోవడానికి మూడుసార్లూ కారణం వేరు. 2013లో షట్‌డౌన్ మొదలయ్యే ముందు, సెప్టెంబర్ 30న, సైనికుల జీతాలకి విడిగా ఒక చట్టం వచ్చింది. ఒబామా సంతకం పెట్టారు. అది ఆ బడ్జెట్ ఏడాదికే పనికొచ్చింది. 2018 డిసెంబర్ నాటికి రక్షణ శాఖ బడ్జెట్ అప్పటికే పాసై ఉంది. మొన్న ఆ చట్టమూ లేదు, బడ్జెట్టూ లేదు. పరిశోధన పద్దులో మిగిలిన డబ్బు తీసి 15వ తేదీ జీతాలు ఇచ్చారు, అక్టోబర్ 31న వేరే పద్దుల్లోంచి కూడా సర్దారు. ఒక దాత ఇచ్చిన 13 కోట్ల డాలర్లు కూడా తీసుకున్నారు. దాన్ని 13 లక్షల మందికి పంచితే తలకి 100 డాలర్లు. అంటే ఎంత అతుకుల బొంతతో నెట్టుకొచ్చారో చూడండి. ప్రతిసారీ అలా పద్దులు దొరుకుతాయని నమ్మి కూర్చోకూడదు.

నేను కోస్ట్ గార్డ్‌లో ఉన్నాను. మాది రక్షణ శాఖ కిందికి రాదు, హోమ్‌లాండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది. అందుకే 2019 జనవరి 15న ఆర్మీ, నేవీ వాళ్ళకి జీతం పడింది, 40 వేల పైచిలుకు మంది ఉన్న మాకు పడలేదు. ఆ రోజు డ్యూటీకి వెళ్ళి పార్కింగ్‌లో కారు దిగకుండానే బ్యాంక్ యాప్ తెరిచాను. 212 డాలర్లు. మూసి మళ్ళీ తెరిచాను. అదే 212. రెండు రోజుల తర్వాత కారు లోన్ ఆటో పే వెనక్కి తిరిగింది. బ్యాంకు ఒక ఫీజు వేసింది, ఆ ఫైనాన్స్ కంపెనీ ఇంకొక ఫీజు వేసింది. ముందుగా ఒక్క ఫోన్ చేసి ఉంటే రెండూ తప్పేవి. చేయాలని నాకు తట్టలేదు. షట్‌డౌన్ 35 రోజులకి ముగిసింది, ఆగిన జీతం మొత్తం వచ్చింది. అద్దె మాత్రం అంతవరకు ఆగదు కదా.

చెల్లీ, ముందు తేదీలు రాసుకో. జీతం నెలకి రెండుసార్లు కదా, 1న, 15న. ఫిబ్రవరి 1 ఆదివారం కాబట్టి ఆ జీతం జనవరి 30 శుక్రవారమే పడుతుంది. అది క్షేమం. 15 కూడా ఆదివారమే కాబట్టి ఆ జీతం ఫిబ్రవరి 13న పడాలి. అనుమానం ఉన్న మొదటి జీతం అదే. ఈలోపు డిసెంబర్ 31, జనవరి 15, జనవరి 30, మూడు జీతాలు చేతికి వస్తాయి. మొన్న చాలామంది సైనికులకి బోనస్‌గా ఇచ్చిన 1,776 డాలర్లు మీ ఆయనకీ పడే ఉంటాయి. అవి ఖర్చు కాకపోతే వేరే ఖాతాలో పెట్టి మర్చిపో. నీ ఇంటికి అంతకంటే మంచి అండ ఇప్పట్లో దొరకదు.

తర్వాత మీ ఆయన్ని మైపే (సైనికుల జీతాల వెబ్‌సైట్)లోకి వెళ్ళి ఎల్‌ఈఎస్, అంటే జీతం స్లిప్, తీయమను. అందులో అలాట్‌మెంట్లు అని ఒక గడి ఉంటుంది. కారు, అద్దె, ఇన్సూరెన్స్, ఏవేవి జీతంలోంచి నేరుగా వెళ్తున్నాయో అక్కడ కనిపిస్తుంది. జీతం లేకపోతే అవి వెళ్ళవు, ఆ కంపెనీకి ఎందుకు వెళ్ళలేదో ఎవరూ చెప్పరు. అక్కడున్న ప్రతి పేరుకీ నువ్వే ఫోన్ చేయాలి. ఫిబ్రవరి 13 దాటాక కాదు, ఫిబ్రవరి మొదటి వారంలోనే. "మాది మిలటరీ కుటుంబం, షట్‌డౌన్ వల్ల జీతం ఆలస్యం కావచ్చు, గడువు కావాలి" అని చెప్పు. ఒప్పుకుంటే ఆ మాట ఈమెయిల్‌లో పంపమను. రేపు సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే అనుమతి) సమీక్షలో అప్పు ఆలస్యం గురించి అడిగితే ఆ కాగితమే మాట్లాడుతుంది.

ప్రశ్న అడిగినవారు

అన్నయ్యా, చాలా థాంక్స్. తేదీల సంగతి నేను అసలు ఆలోచించలేదు, 1వ తేదీ జీతమే పోతుందేమో అని భయపడుతున్నాను. 1,776లో 400 క్రిస్మస్‌కి అయిపోయాయి, మిగతావి ఉన్నాయి. ఒకవేళ 13న పడకపోతే అప్పు ఎక్కడ తీసుకోవాలి? బేస్ గేటు బయట వెంటనే డబ్బు ఇస్తామని బోర్డులు చాలా ఉన్నాయి.

జవాబు (పోర్ట్స్‌మత్)

ఆ బోర్డుల వైపు వెళ్ళొద్దు. సైనికులకీ వాళ్ళ కుటుంబాలకీ ఇచ్చే చాలా రకాల అప్పుల మీద ఏడాదికి 36 శాతం మించి వసూలు చేయకూడదని చట్టం ఉంది, నిజమే. కానీ వడ్డీ లేకుండా దొరుకుతుంటే 36 కూడా ఎందుకు కట్టాలి?

మీ జీతం ఏ బ్యాంకులో పడుతోంది? మొన్నటి షట్‌డౌన్‌లో నేవీ ఫెడరల్, యూఎస్ఏఏ రెండూ 6,000 డాలర్ల వరకు సున్నా వడ్డీకి ఇచ్చాయి. జీతం డైరెక్ట్ డిపాజిట్‌గా అక్కడే పడుతున్నవాళ్ళకే ఆ సాయం. జీతం వేరేచోట పడుతుంటే మార్చాలా వద్దా అని ఇద్దరూ కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి. జనవరి చివర్లో మార్చబోతే ఆ గొడవలో జీతమే ఆలస్యం కావచ్చు. ఇంకో మాట, నేవీ ఫెడరల్‌లో అయితే జీతం రాగానే ఆ అప్పు ఖాతాలోంచి తిరిగి తీసేసుకుంటారు. ఆ రోజు వచ్చిన డబ్బంతా మనదే అనుకోకూడదు.

దాంతో పాటు ఆర్మీ ఎమర్జెన్సీ రిలీఫ్ అని సైనికులకి సాయం చేసే సంస్థ ఉంది. బేస్‌లోని ఏసీఎస్ (ఆర్మీ కమ్యూనిటీ సర్వీస్) ఆఫీసులో అడగాలి. అద్దె, తిండి, పిల్లల ఖర్చుకి వడ్డీ లేని అప్పు ఇస్తారు. 2019లో మాకు కోస్ట్ గార్డ్ మ్యూచువల్ అసిస్టెన్స్ వాళ్ళు ఇచ్చారు. నేను ఫారం నింపి, సిగ్గుపడి రెండు రోజులు బ్యాగులోనే ఉంచుకున్నాను. మూడో రోజు వెళ్తే నా ముందు వరుసలో మా చీఫ్ నిలబడి ఉన్నారు. మీ ఆయన మొహమాటపడితే ఈ సంగతి చెప్పు.

జవాబు (ఫోర్ట్ బ్రాగ్)

పాపకి విక్ (తల్లులకీ చిన్నపిల్లలకీ ఇచ్చే ప్రభుత్వ పోషకాహార సాయం) వస్తుంటే దాని గురించి భయం లేదక్కా. నవంబర్ 12న షట్‌డౌన్ ముగించిన చట్టంలోనే వ్యవసాయ శాఖకి 2026 సెప్టెంబర్ దాకా డబ్బు ఇచ్చారు, విక్ అందులోదే. రాకపోతే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, స్పెషలిస్ట్ జీతం మీద ముగ్గురున్న ఇంటికి అర్హత ఉండే అవకాశం ఉంది.

జవాబు (హ్యూస్టన్)

నేను నేషనల్ గార్డ్. డ్రిల్ (శిక్షణ) వాయిదా పడితే మాకు ఆ డబ్బు వెనక నుంచి రాదు, మళ్ళీ డ్రిల్ చేసినప్పుడే వస్తుంది. వారాంతం డ్రిల్ డబ్బు కూడా లెక్కేసుకుని ఇల్లు నడిపేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

జీతం నేవీ ఫెడరల్‌లోనే పడుతోంది, ఇప్పుడే చూశాను. అలాట్‌మెంట్ ఒకటే ఉంది, కారు ఇన్సూరెన్స్‌ది. ఇక అత్తయ్యగారి డబ్బు సంగతి.

జవాబు (పోర్ట్స్‌మత్)

ఫిబ్రవరి 300 కూడా జనవరి 15 జీతంలోంచే కలిపి పంపెయ్యి. అత్తయ్యగారికి నువ్వే ఫోన్ చేసి, ఇది రెండు నెలలదని, రెండు నెలల మందులూ ఒకేసారి తెచ్చి పెట్టుకోమని చెప్పు. ఎందుకని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. దాస్తే ఊళ్ళో ఎవరో టీవీలో చూసి చెబుతారు, అప్పుడు ఆవిడ ఇంకా కంగారు పడతారు. పంపేటప్పుడు బ్యాంకు ఖాతా నుంచే పంపు. జనవరి 1 నుంచి నగదు, మనీ ఆర్డర్ ఇచ్చి విదేశాలకి పంపితే 1 శాతం పన్ను పడుతుంది, ఖాతా నుంచి పంపితే లేదు. క్రెడిట్ కార్డు మీద నగదు తీసి మాత్రం పంపొద్దు.

జనవరి 28 ప్రాంతంలో ఇక్కడే మళ్ళీ ఒక మాట రాయి చెల్లీ. అప్పటికి రక్షణ శాఖ బడ్జెట్ పాసైతే సరే, లేకపోతే ఎవరెవరికి ఫోన్ చేయాలో నీ జాబితా పెట్టు, కలిసి చూద్దాం.