కాటా మాడ్యూల్‌ను వెతుక్కోవాలా, ఇంజెక్ట్ చేయాలా?

ఆదోని_జావా:
మా ఆదోని పత్తి వ్యాపారులకు జావా 17లో బిల్లింగ్ యాప్ రాస్తున్నాం. ఒక్కో చోట ఒక్కో కంపెనీ వేబ్రిడ్జి ఉంటుంది కాబట్టి ఒక్కో కాటాకు ఒక్కో మాడ్యూల్ (విడి కోడ్ భాగం) పెట్టాం. వాటిని కోర్‌లోకి (యాప్ ప్రధాన మాడ్యూల్‌లోకి) తేవడానికి సర్వీస్‌లోడర్ (రన్ అయ్యేటప్పుడు అలాంటి వాటిని వెతికిపెట్టే జావా సదుపాయం) చాలని నేనంటున్నాను. టీమ్ లీడ్ మాత్రం స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ పెట్టి అంతా ఇంజెక్షన్‌తోనే (క్లాసుకు కావాల్సినవి బయటి నుంచే అందించడం) చేద్దామంటున్నారు. మీరేమంటారు?

కడప_కోడర్:
ఇంజెక్షనే అన్నా. బిల్లు క్లాసుకు ఏమేం కావాలో కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్‌ను తయారుచేసే కోడ్) చూస్తే తెలిసిపోవాలి. లోపలెక్కడో సర్వీస్‌లోడర్‌ను పిలిస్తే ఆ డిపెండెన్సీ ఎవరికీ కనపడదు. టెస్టు కోసం ఉత్తుత్తి కాటా ఇవ్వాలన్నా దాన్నీ ప్రొవైడర్‌గా (సర్వీస్‌లోడర్‌కు దొరికే క్లాసుగా) రిజిస్టర్ చేయాలి.

అనంత_బ్యాకెండ్:
కనపడకపోవడం జావా 6 నాటి మాట. అప్పుడు క్లాసు పేరు టెక్స్ట్ ఫైల్లో రాసేవాళ్లం, ఒక్కక్షరం తప్పినా రన్ చేసేదాకా తెలిసేది కాదు. 2017లో జావా 9 వచ్చాక మాడ్యూల్-ఇన్ఫో ఫైల్లో కోర్ ‘యూజెస్’ (వాడుకుంటాను) అని, కాటా మాడ్యూల్ ‘ప్రొవైడ్స్’ (అందిస్తాను) అని రాయాలి. క్లాసు పేరు తప్పితే కంపైలరే పట్టేస్తుంది. కాటా ప్యాకేజీని బయటి మాడ్యూళ్లకు ఎక్స్‌పోర్ట్ చేయక్కర్లేదు. స్ప్రింగ్ అయితే రిఫ్లెక్షన్ (రన్ అయ్యేటప్పుడు క్లాసుల లోపలికి చూడడం) కోసం ప్యాకేజీలను ‘ఓపెన్స్’ చేయాలి. గోడలు కట్టుకుని తలుపులు బార్లా తీసిపెట్టినట్టే.

కడప_కోడర్:
బార్లా ఎందుకు, ‘ఓపెన్స్ టూ’ అని స్ప్రింగ్ మాడ్యూళ్ల వరకే తెరవొచ్చు. నా అసలు ప్రశ్న వేరే. సర్వీస్‌లోడర్ ప్రొవైడర్‌ను తయారుచేసేటప్పుడు పారామీటర్లేమీ ఇవ్వదు. మరి కాటాను తగిలించిన సీరియల్ పోర్ట్ పేరు, బాడ్ రేట్ (డేటా వచ్చే వేగం) కాటాకు ఎలా చేరుస్తారు?

కర్నూలు_పాతకాపు:
కాటాను కాదు, కాటా ఫ్యాక్టరీని (కాటా ఆబ్జెక్ట్‌ను తయారుచేసి ఇచ్చే క్లాసును) సర్వీస్‌గా పెట్టండి. పోర్ట్, బాడ్ రేట్ దాని మెథడ్‌కు ఇవ్వండి. వెతకడం మెయిన్‌లో (యాప్ మొదలయ్యే చోట) ఒక్కసారే జరగాలి. దొరికిన ఫ్యాక్టరీ ఇచ్చే కాటాను బిల్లు క్లాసుకు కన్‌స్ట్రక్టర్‌లో ఇచ్చేయండి, టెస్టు బాధా తీరుతుంది. మాడ్యూల్ గడప దగ్గర తప్ప ఇంకెక్కడా లోడర్ కనపడకూడదని నేను గట్టిగా చెబుతాను.

జేలింక్ (కావాల్సిన మాడ్యూళ్లతోనే రన్‌టైమ్ ఇమేజ్ కట్టే జావా టూల్) వాడుతుంటే మాత్రం జాగ్రత్త తమ్ముడూ. కోర్ మాడ్యూల్-ఇన్ఫోలో కాటా మాడ్యూల్ కావాలని చెప్పే ‘రిక్వైర్స్’ ఉండదు కదా, అందుకే యాడ్-మాడ్యూల్స్‌లో దాని పేరు రాయకపోతే, లేదా బైండ్-సర్వీసెస్ ఆప్షన్ ఇవ్వకపోతే, అది ఇమేజ్‌లోకే రాదు. ఎర్రర్ కూడా రాదు. ప్రొవైడర్లను చూసే ఫర్ లూప్ ఒక్కసారీ తిరగకుండా బయటికొస్తుంది, ట్రాక్టర్ కాటా మీద ఉన్నా స్క్రీన్ మీద బరువు ఉండదు. ఒక్క ప్రొవైడరూ దొరక్కపోతే యాప్ మొదలవకుండా ఆపేయండి.

కడప_కోడర్:
ఫ్యాక్టరీ వరకు ఒప్పుకుంటా అన్నా. కానీ క్లాసులు పెరిగేకొద్దీ మెయిన్‌లో అన్నీ చేత్తో కలపడం ఎవరివల్లా కాదు. కోర్ లోపల కంటైనర్ (స్ప్రింగ్‌లా క్లాసులను తానే కలిపేది) ఉండాల్సిందే.

ఆదోని_జావా:
మా కోర్‌లో కలపాల్సినవి బిల్లు, కాటా, ప్రింటర్, డేటాబేస్ అంతే. వీటికి చేత్తో రాసిన మెయిన్ చాలు. రేపు లీడ్‌కు ఫ్యాక్టరీ కోడ్ చూపిస్తాను.