రిసీవర్లు కిక్కిరిసిన టీమ్‌లో మావాడికి ఛాన్స్ ఎప్పుడొస్తుంది?

ఫ్రిస్కో_నాన్న
అందరికీ నమస్కారం. మావాడు డాలస్ పక్కన హైస్కూల్లో జూనియర్ (పదకొండో తరగతి), అమెరికన్ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్, అంటే విసిరిన బంతి పట్టేవాడు. పోయినేడు జేవీలో (స్కూల్ రెండో టీమ్) బాగా ఆడాడు, ఈసారి వార్సిటీకి (మొదటి టీమ్) తీసుకున్నారు. కానీ వాడి ముందు నలుగురున్నారు. శుక్రవారం మ్యాచ్‌లో స్కోరు తేడా బాగా పెరిగాక, ఆఖర్లో దింపుతున్నారు. వాడు పైకేమీ అనడు. ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేసి గదిలోకి వెళ్లిపోతాడు. పక్క ఊరి స్కూల్లో రిసీవర్లు తక్కువ, ఇల్లు మారదామా అని ఆలోచిస్తున్నాం. ఇలాంటిది దాటొచ్చిన వాళ్లు చెప్పండి.

కొలంబస్_శ్రీను
అన్నా, ముందు నలుగురున్నారు సరే, వాళ్లు ఏయే పొజిషన్లలో ఉన్నారు? అసలు సంగతంతా అక్కడే ఉంది. నేను ఇక్కడ చదువుకునే రోజుల నుంచీ ఒహాయో స్టేట్ కాలేజీ టీమ్ మ్యాచ్‌లు వదలను. 2020లో వాళ్ల దగ్గర క్రిస్ ఒలావే, గారెట్ విల్సన్, జేమిసన్ విలియమ్స్ అనే రిసీవర్లు ఉన్నారు. మీ వైపు రాక్‌వాల్ నుంచి వచ్చిన జాక్సన్ స్మిత్-ఎన్‌జిగ్బా ఫ్రెష్‌మన్, అంటే మొదటి ఏడాది. ఆ సీజన్ మొత్తానికి అతనికి దొరికింది 10 క్యాచ్‌లు.

మరుసటి ఏడాది స్లాట్‌లో (లోపలి వైపు చోటు) ఆడే విల్సన్‌ను అంచుకి (మైదానం పక్క గీత వైపు) మార్చారు. దాంతో జేమిసన్‌కు దారి మూసుకుపోయింది, జాక్సన్‌కు స్లాట్ ఖాళీ అయింది. కోచ్ చేసింది ఒకే మార్పు, ఇద్దరి జాతకాలూ మారిపోయాయి. కాలేజీ ఒక్కసారి మారితే ఏడాది ఆడకుండా కూర్చోనక్కర్లేదని 2021లోనే రూల్ సడలించారు. జేమిసన్ అలబామాకు వెళ్లి 1,572 యార్డులు, 15 టచ్‌డౌన్లు కొట్టాడు. జాక్సన్ ఉండిపోయి 95 క్యాచ్‌లు, 1,606 యార్డులతో విల్సన్, ఒలావే ఇద్దరినీ దాటేశాడు. 2022 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లను వరుసగా ఎంచుకునేది) 10, 11, 12 నంబర్లు వరుసగా విల్సన్, ఒలావే, జేమిసన్. ఒకే గదిలో కూర్చున్న ముగ్గురు! మీవాడి ముందున్న నలుగురిలో స్లాట్ ఆడేదెవరో కనుక్కోండి.

కేటీ_లావణ్య
ఇల్లు మారేముందు యూఐఎల్ (టెక్సస్ స్కూల్ ఆటల సంస్థ) రూల్ చూసుకోండి అండీ. కాలేజీలో నడిచింది టెక్సస్ హైస్కూల్లో నడవదు. ఆట కోసమే స్కూల్ మారారని తేలితే ఏడాది పాటు వార్సిటీ ఆడనివ్వరు. ఫారం మీద పాత స్కూల్ వాళ్లూ రాయాలి, జిల్లా కమిటీ చూస్తుంది. జూనియర్‌కి ఏడాది పోతే ఇక మిగిలేదేముంది?

మావాడికి స్పెషల్ టీమ్స్ (బంతిని తన్నే ఆటలప్పుడు దింపే బృందాలు) దారి చూపించాయి. కికాఫ్ కవరేజ్‌కి (తన్నిన బంతిని పట్టి పరిగెత్తేవాణ్ని ఆపడానికి) ఎవరూ ముందుకు రాకపోతే చెయ్యెత్తాడు. ఒక సోమవారం వీడియో చూపిస్తూ కోచ్ ఒక రన్ ప్లే (బంతి విసరకుండా పట్టుకుని పరిగెత్తేది) దగ్గర ఆపాడట. బంతి అవతలి వైపు వెళ్లింది, ఇవతల మావాడు విజిల్ ఊదేదాకా కార్నర్‌ను (అంచున కాపలా కాసే అవతలి ఆటగాడు) అడ్డుకోవడం వదల్లేదు. మావాడికంటే బాగా పట్టేవాళ్లు టీమ్‌లో ఉన్నారు. అయినా రన్ ప్లేలకి వాణ్నే పంపడం మొదలుపెట్టారు. బంతి తాకకపోయినా స్నాప్ (మైదానంలో ఆడిన ఒక్కో ప్లే) స్నాపే.

రౌండ్‌రాక్_ప్రసాద్
నేను కొంచెం వేరుగా చెప్తాను. ఓపిక పడితే వస్తుందని అందరూ అంటారు, ప్రతిసారీ రాదు. మా పెద్దాడు సీనియర్లు వెళ్లేదాకా ఆగాడు. ఆ ఏడే కింది క్లాసు నుంచి ఇంకా వేగంగా పరిగెత్తే పిల్లాడొచ్చాడు. శ్రీను చెప్పిన ఒహాయో స్టేట్‌లోనే చూడండి. 2022లో మొదటి మ్యాచ్‌లో జాక్సన్‌కు హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) పట్టేసింది. ఆ సీజన్‌లో అతనికి 5 క్యాచ్‌లే. ఈలోపు మార్విన్ హారిసన్ జూనియర్, ఎమేకా ఎగ్‌బుకా చెరో వెయ్యి యార్డులు దాటారు. చోటు ఎవరి కోసమూ ఆగదు.

అందుకే ఇప్పుడే అడగాలి. మీరు కాదు, పిల్లాడే అడగాలి. ఆట టైమ్ గురించి తల్లిదండ్రులతో మాట్లాడం అని చాలామంది కోచ్‌లు మొదటి మీటింగ్‌లోనే చెప్పేస్తారు. "నన్నెందుకు దింపట్లేదు" అని కాకుండా, "ఏ పొజిషన్‌లో నేను తొందరగా పైకి రాగలను" అని అడగమనండి.

సియాటెల్_కిరణ్
జాక్సన్ కథ మా ఊళ్లో కూడా అలాగే నడిచింది. 2023లో మా ప్రొఫెషనల్ టీమ్ సీహాక్స్ అతన్ని డ్రాఫ్ట్‌లో 20వ పిక్‌గా తీసుకున్నారు. అతని ముందు డీకే మెట్‌కాఫ్, టైలర్ లాకెట్. మొదటి ఏడాది 63 క్యాచ్‌లు, 628 యార్డులు. రెండో టైట్ ఎండ్‌ను (అడ్డుకోవడం, బంతి పట్టడం రెండూ చేసేవాడు) దింపినప్పుడల్లా బయటికొచ్చేది మూడో రిసీవరే కదా. 2024లో 100 క్యాచ్‌లు, 1,130 యార్డులు. 2025 మార్చిలో మెట్‌కాఫ్‌ను స్టీలర్స్‌కి ఇచ్చేసి, లాకెట్‌ను వదిలేశారు. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో ఎక్కువ యార్డులు జాక్సన్‌వే.

ఇక్కడ మీరు చూడాల్సింది ఒకటుంది. మీ స్కూల్ టీమ్ ఎక్కువగా ఎంతమంది రిసీవర్లతో ఆడుతుంది? ముగ్గురితోనైతే మీవాడికి ముందున్నది పెద్ద క్యూ. నలుగురితో, అదీ వేగంగా ఆడితే అలసినవాడు బయటికి రావాల్సిందే, ఐదోవాడికి రోజూ పని ఉంటుంది. ఈ శుక్రవారం మీరే లెక్కపెట్టండి.

ఫ్రిస్కో_నాన్న
అందరికీ చాలా థ్యాంక్స్. లావణ్య గారూ, ఆ రూల్ చదివాక ఇల్లు మారే మాట పక్కన పెట్టేశాం. మావాడే కోచ్ దగ్గరికి వెళ్లి అడిగాడు. అంచుల్లో ముగ్గురున్నారట, స్లాట్‌లో సీనియర్ ఒక్కడే, అతని వెనక ఎవరూ లేరట. స్లాట్ నేర్చుకో, పంట్ కవరేజ్‌లో కూడా పెడతాను అన్నాడు. వీడు పొడుగు, ఇప్పటిదాకా అంచునే ఆడాడు. ఇంట్లో ఏం సాధన చేయించాలి?

కొలంబస్_శ్రీను
పొడుగు అడ్డం కాదన్నా. అంచున ఒక కార్నర్‌ని చూసుకుంటే చాలు. స్లాట్‌లో లైన్‌బ్యాకర్, నికెల్, వెనక సేఫ్టీ, అవతలి డిఫెండర్లు ముగ్గురినీ చూడాలి. జోన్‌లో (ఒక్కొక్కరు ఒక్కో చోటు కాస్తూ) ఆడుతున్నారని కనిపిస్తే ఖాళీ దగ్గర ఆగి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) వైపు తిరగాలి, మనిషికి మనిషి (మ్యాన్) అయితే ఆగకుండా పరిగెత్తాలి. రోజూ రాత్రి ఆ సీనియర్ ఆడిన వీడియో పెట్టి, స్నాప్‌కి ముందు (బంతి కదలకముందు) ఆపి, "ఇది జోనా, మ్యానా?" అని వాణ్ని అడగండి. మీకు ఆట తెలియకపోయినా ఫర్వాలేదు, జవాబు తర్వాతి మూడు సెకన్ల వీడియోలోనే ఉంటుంది.