పెయింటు పడ్డాక 3 ఏదో 8 ఏదో తెలియడం లేదు: చేతితో పట్టుకొనే మార్కింగ్ యంత్రం ఏది తీసుకోవాలి?

మడికొండ వర్క్‌షాప్:
అందరికీ నమస్కారం. మడికొండ పారిశ్రామికవాడలో ఆరుగురం పనిచేసే చిన్న వర్క్‌షాప్ మాది. బొగ్గు గనుల కన్వేయర్లకు రోలర్లు, డ్రమ్ పుల్లీలు, వాటి షాఫ్టులు, పైపు ఫ్లాంజీలు చేస్తాం. ప్రతి భాగం మీదా సీరియల్ నంబరు, నెల, హీట్ నంబరు (ఉక్కు ఏ కరిగింపు లాటుదో చెప్పేది) చెరగకుండా ఉండాలన్నది కొనేవారి షరతు. ఇన్నాళ్లూ నంబర్ పంచ్‌లు, సుత్తితోనే నెట్టుకొచ్చాం. పోయిన నెల 28 ఫ్లాంజీలు తిరిగివచ్చాయి. పెయింటు పడ్డాక 3 ఏదో 8 ఏదో తెలియడం లేదట. కళ్లద్దాలు పెట్టుకొని నేనూ చూశాను, వాళ్లన్నది నిజమే.

పుల్లీ ఒక్కొక్కటి 300 కిలోల దాకా ఉంటుంది. బల్ల మీది యంత్రం దగ్గరకు మోసుకెళ్లలేం కాబట్టి యంత్రమే పుల్లీ దగ్గరకు రావాలి. ముగ్గురు డీలర్లను అడిగితే మూడు మాటలు చెప్పారు. ఒకరు లేజర్ అన్నారు, ఒకరు పిన్నుతో చుక్కలు కొట్టే డాట్ పీన్ అన్నారు, మరొకరు స్టెన్సిల్ పెట్టి ఆసిడ్‌తో చేసేది చాలన్నారు. మాది ఎక్కువగా ఎంఎస్ (మైల్డ్ స్టీల్), ఈఎన్8 (మధ్యరకం కార్బన్ స్టీల్), కొద్దిగా ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్). ఫ్లాంజీల్లో సగం గాల్వనైజింగ్‌కు (జింకు పూతకు) వెళ్తాయి. కంప్రెసర్ ఉంది కానీ పుల్లీలు ఆరుబయట యార్డులో ఉంటాయి. ఏది తీసుకోమంటారు?

గోదావరిఖని విశ్రాంత ఫిట్టర్:
తమ్ముడూ, యంత్రం సంగతి తరువాత. నంబరు వేసిన తరువాత ఆ భాగం మీద ఏమేం జరుగుతుందో వరుసగా రాసుకో. షాట్ బ్లాస్టింగ్ (ఉక్కు గుళ్లు విసిరి ఉపరితలం శుభ్రం చేయడం) ఉందా? ప్రైమర్, పెయింటు కలిపి ఎన్ని కోట్లు? జింకులో ముంచుతారా? నీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. డీలర్ చూపించే నమూనా తళతళలాడే కొత్త రేకు మీద ఉంటుంది. దాని మీద ఏ యంత్రమైనా అందంగానే రాస్తుంది.

గాల్వనైజింగ్ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. మందమైన ఉక్కు మీద జింకు పూత సుమారు 85 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. లోతు 200 మైక్రాన్లు కొట్టాం కదా, ఇక భయం లేదనుకుంటారు. కానీ జింకు పై నుంచి మాత్రమే పడదు, గాడికి రెండు గోడల మీదా పేరుకుంటుంది. గాడి వెడల్పు 0.2 మిల్లీమీటర్లే అయితే అటు 85, ఇటు 85 కలిసి దాదాపు మూసుకుపోతుంది. కాబట్టి లోతు ఒక్కటే చాలదు, గీత వెడల్పుగా ఉండాలి, అక్షరం పెద్దదిగా ఉండాలి. లేజర్ గీత సన్నం. 20 వాట్ల యంత్రంతో ఒకసారి గీసిన నంబరు జింకు కింద వెతికినా దొరకదు.

షాట్ బ్లాస్టింగ్ ఉంటే పైపైన వేసిన నల్ల గుర్తులేవీ మిగలవు. స్టెన్సిల్ పద్ధతి నీ పనికి ఆ ఒక్క కారణంతోనే తప్పుకుంటుంది.

మడికొండ వర్క్‌షాప్:
బాబాయ్, పెయింటు వేసే వాటికి బ్లాస్టింగ్ ఉంది, ఆ మాట రాయడం మరిచిపోయాను. నంబరు దానికి ముందే కొడతాం. తరువాత కొట్టవచ్చా?

గోదావరిఖని విశ్రాంత ఫిట్టర్:
కొట్టవచ్చు. పెయింటుకు ముందు అయితే అదే మేలు. కానీ ఆ మధ్యలో భాగాలు కలిసిపోతే ఏ హీట్ నంబరు దేనిదో ఎవరు చెప్తారు? తీగతో బిళ్ల కట్టి పంపగలిగితేనే ఆ పని చెయ్యి.

కాజీపేట తనిఖీ విభాగం:
బాబాయ్ చెప్పింది సరైనదే. ఎక్కడ కొట్టాలన్నది నేను చెప్తాను, ఎందుకంటే మా దగ్గర తిరస్కరణకు గురయ్యే వాటిలో తప్పుచోట కొట్టినవీ ఉంటాయి.

ఫ్లాంజీకి బయటి అంచు మీద కొట్టండి. గ్యాస్కెట్ కూర్చునే ముఖం మీద ఎప్పుడూ వద్దు. పిన్ను దిగినచోట చుట్టూ లోహం కొద్దిగా పైకి లేస్తుంది, అక్కడే లీకు మొదలవుతుంది. షాఫ్టుకు బేరింగ్ కూర్చునే చోటు, కీవే (కీ కూర్చునే గాడి) మూలలు, వ్యాసం మారే భుజం దగ్గరి వంపు, ఈ మూడూ నిషిద్ధం. షాఫ్టు బరువు మోస్తూ తిరుగుతుంది కాబట్టి దాని పైపొర ప్రతి చుట్టుకూ ఒకసారి లాగుడుకు, ఒకసారి నొక్కుడుకు లోనవుతుంది. పదునైన గాటు ఉన్నచోట పగులు పుడుతుంది. షాఫ్టు చివరి ముఖమే క్షేమం, సెంటర్ రంధ్రం వదిలి దాని పక్కన కొట్టండి.

ఇంకో మాట. కడ్డీని కోసేముందే హీట్ నంబరును రెండో ముక్క మీదికి ఎక్కించాలి. కోసిన తరువాత గుర్తుపెట్టుకొని కొడతామంటే తనిఖీకి వచ్చినవారు ఒప్పుకోరు. నేనైతే ఒప్పుకోను.

ఎస్ఎస్ 304 మీద లేజర్‌తో నల్లగా వేయించుకుంటే తడి తగిలేచోట ఆ అక్షరాలే ముందు తుప్పు పడతాయి, తరువాత పాసివేషన్ (తుప్పు పట్టకుండా చేసే ఆసిడ్ శుద్ధి) చేయించాలి. పంచ్ అయినా పిన్ను అయినా ఎంఎస్‌కు వాడినదాన్ని ఎస్ఎస్‌కు వాడకండి. అంటుకున్న ఇనుము నలుసులు తుప్పు మచ్చలవుతాయి.

ఇక ఆ మూడో డీలర్ చెప్పిన పద్ధతి పేరుకే ఆసిడ్. సాధారణంగా అది ఉప్పు ద్రావణం, తక్కువ వోల్టేజీ కరెంటు. పలుచని ఎస్ఎస్ భాగాలకు, గేజీలకు, బ్లేడులకు అది చాలా మంచిది, ఎందుకంటే దెబ్బ ఉండదు, వంకరపోదు. మీకు మాత్రం కాదు.

మంచిర్యాల మెషినిస్టు:
బ్యాటరీతో నడిచే డాట్ పీన్ రెండేళ్లుగా వాడుతున్నాను అన్నా. కార్బైడ్ మొన ఉన్న పిన్ను టకటకా కొడుతూ చుక్కలతో అక్షరం కడుతుంది. ఈఎన్8 గట్టిపరచకుండా ఉంటే వెన్నలాంటిదే. ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటుతో వేడి చేసి పైపొరను గట్టిపరచడం) చేసే చోటైతే దానికి ముందే కొట్టెయ్యండి.

కష్టాలూ చెప్పాలి. నా యంత్రం మూడు కిలోలు. డీలర్ గదిలో తేలికగానే అనిపించింది, యార్డులో నలభయ్యో షాఫ్టు దగ్గర భుజం జవాబు చెప్పింది. పై నుంచి బరువు మోసే స్ప్రింగ్ బ్యాలెన్సర్‌కు వేలాడదీశాక ప్రాణం కుదుటపడింది. గుండ్రటి షాఫ్టు పక్కన కొట్టాల్సివస్తే ముందు కాళ్లకు వీ ఆకారపు సీటు తప్పనిసరి. లేకపోతే యంత్రం ఊగుతుంది, అక్షరానికి ఒక వైపు లోతుగా, మరో వైపు ఆనీ ఆననట్టు పడుతుంది. మీ 3, 8 గొడవ మళ్లీ మొదటికొస్తుంది. యంత్రం మీద పెట్టిన శ్రద్ధలో సగం ఆ సీటు మీద పెట్టండి.

మొన అరిగితే లోతు తగ్గుతుంది, బయటికి మాత్రం నంబరు పడుతున్నట్టే ఉంటుంది. అదనపు పిన్నులు యంత్రంతోనే కొనండి. పలుచని రేకు మీద కొడితే డప్పు మోగినట్టే, చెవులకు రక్షణ లేకుండా వద్దు. గాలితో నడిచేవి గట్టిగా కొడతాయి. కానీ గొట్టం యార్డుదాకా లాగాలి, పైగా వానాకాలంలో లైనులోకి నీళ్లు వస్తాయి, డ్రయ్యర్ లేకపోతే లోపల తుప్పే. మే నెలలో మన రామగుండం వైపు ఎండ మీకు తెలిసిందే. చాలా యంత్రాల పుస్తకంలో 40 డిగ్రీల వరకే అని రాసి ఉంటుంది. బ్యాటరీని నీడలో చార్జి చేయండి.

జమ్మికుంట:
లేజర్ అందరూ వద్దంటున్నారు. మా దగ్గర ఉంది, బాగానే పనిచేస్తోంది.

మంచిర్యాల మెషినిస్టు:
మీరేం చేస్తారో చెప్పండి సర్. పెయింటు లేని, మెషినింగ్ అయిపోయిన భాగాలైతే లేజర్‌కు సాటి లేదు. శబ్దం లేదు, పిన్ను అరగదు, చిన్న అక్షరం కూడా స్పష్టం. నా భయం కళ్ల గురించే. ఫైబర్ లేజర్ కిరణం 1064 నానోమీటర్లది, కంటికి కనిపించదు. మెరిసే షాఫ్టు మీద పడి తిరిగి కంట్లోకి కొట్టినా కనురెప్ప వాలదు. ముక్కు భాగం పూర్తిగా భాగానికి ఆనితేనే వెలిగే యంత్రం కావాలి, ఆ తరంగదైర్ఘ్యానికే తయారుచేసిన కళ్లద్దాలు కావాలి. సంతలో దొరికే ఆకుపచ్చ ప్లాస్టిక్ అద్దాలతో పని చేయిస్తున్నవారిని చూశాను, చెప్పినా వినలేదు.

జమ్మికుంట:
వ్యవసాయ పంపుల ఎస్ఎస్ షాఫ్టులు. పెయింటు లేదు. అద్దాలు సరైనవే ఉన్నాయి.

మడికొండ వర్క్‌షాప్:
చదరపు కోడ్ కూడా వేయాలని కొనేవారు ఈమధ్య అంటున్నారు. డాట్ పీన్‌తో అవుతుందా?

కాజీపేట తనిఖీ విభాగం:
అవుతుంది, దాన్ని డేటా మ్యాట్రిక్స్ అంటారు. కానీ పెయింటు పడ్డాక ఫోనుతో చదవాలనుకుంటే నిరాశే. చుక్కల గుంటలను చదవడానికి పక్క నుంచి వెలుతురు వేసే ప్రత్యేక రీడర్ కావాలి. ముందు వాళ్ల దగ్గర రీడర్ ఉందో లేదో అడగండి. ఉంటే అక్కడ ఉపరితలాన్ని చదునుగా సానబట్టి కోడ్ వేయండి, పక్కన అంకెలు కూడా వేయండి. లేకపోతే ఆ ఖర్చు ఇప్పుడే అక్కరలేదు.

భూపాలపల్లి:
ఈ బ్యాటరీ యంత్రాన్ని గనిలోకి తీసుకెళ్లి అక్కడే ఉన్న రోలర్లకు నంబర్లు వేయవచ్చా?

గోదావరిఖని విశ్రాంత ఫిట్టర్:
వద్దు. భూగర్భ గనిలో మీథేన్ ఉండవచ్చు, ఆమోదం లేని విద్యుత్ పరికరాన్ని దించనివ్వరు. పైన వర్క్‌షాప్‌లోనే కొట్టి పంపండి.

మడికొండ వర్క్‌షాప్:
మూడు వారాల తరువాత రాస్తున్నాను. మా ముక్కలే ఆరు పట్టుకొని హైదరాబాద్ బాలానగర్‌లో ఇద్దరు డీలర్ల దగ్గరకు వెళ్లాను. ఒకాయన తన రేకు మీదే చూడమన్నాడు, బాబాయ్ మాట గుర్తొచ్చి నా ముక్కే ముందు పెట్టాను. తిరిగివచ్చాక రెండింటిని బ్లాస్టింగ్ చేసి పెయింటు వేశాం, రెండింటిని గాల్వనైజింగ్ లాటులో పంపాం, రెండింటిని అలాగే ఉంచాం.

పెయింటు కింద డాట్ పీన్ 5 మిల్లీమీటర్ల అంకెలు మూరెడు దూరం నుంచి చదవగలిగాం. లేజర్ నంబరు బ్లాస్టింగ్‌లోనే సగం పోయింది. జింకు కింద లేజర్ అసలు లేదు, డాట్ పీన్ 3 మిల్లీమీటర్ల అంకెలు పూడిపోయాయి, 8 మిల్లీమీటర్లవి రెండుసార్లు కొట్టించినవి మాత్రం నిలిచాయి. అయితే ఆ రెండుసార్ల పనికి పట్టిన సమయం చూస్తే, గాల్వనైజింగ్ ఫ్లాంజీలకు పాత పద్ధతిలో పెద్ద పంచ్‌లే నయమనిపించింది. 10 మిల్లీమీటర్ల కొత్త సెట్టు తెచ్చాను. పంచ్ నిటారుగా నిలబెట్టడానికి చిన్న గైడు చేశాం. 3, 8 గొడవలో సగం తప్పు వంకర దెబ్బదే.

మిగతావాటికి కరెంటు తీగతో నడిచే డాట్ పీన్ తీసుకున్నాను. తీగ అడ్డమే, కానీ యంత్రంలో బ్యాటరీ బరువు లేదు. ఎస్ఎస్‌కు వేరే పిన్ను పెట్టి, దాని డబ్బాకు ఎర్ర రంగు పూశాం. మంచిర్యాల అన్నా, ఆ వీ సీటు కొలతలు పెట్టగలరా? మా షాఫ్టులు 25 నుంచి 90 మిల్లీమీటర్ల వరకు.

మంచిర్యాల మెషినిస్టు:
ఒక్క సీటుతో అన్నీ కావు. 50 వరకు ఒకటి, ఆపైన ఒకటి చేయండి, కోణం 120 డిగ్రీలు. నా దగ్గర ఉన్నదాన్ని ఆదివారం కొలిచి ఫొటోతో పెడతాను.